ఆయన అంగి, నా పాలు

మా మందిరంలో మగవాళ్లు ఎడమ వైపు, ఆడవాళ్లు కుడి వైపు కూర్చుంటారు. మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. పాలు తాగే పిల్లలు, పాకే పిల్లలు, ప్రసంగం మధ్యలో బిస్కెట్ల కోసం పేచీ పెట్టే పిల్లలు, అందరూ తల్లుల వెంట మా వైపే ఉంటారు. పెళ్లయి తాండూరు వచ్చిన నాటి నుంచి నేను ఆ కుడి వైపున కూర్చుని, ముందు వరుసలో ఉన్న ఒళ్లన్నీ చూస్తూ, నా ఒడి కూడా నింపమని దేవుణ్ణి అడుగుతూ వచ్చాను. ఆయన విన్నాడు. బిడ్డ పుట్టింది. కాని ఆ బిడ్డను మొదటిసారి మందిరానికి తీసుకుపోయిన ఆదివారం, అది మగవాళ్ల వైపు, గుమ్మం పక్కన, వాళ్ల నాన్న అంగి లోపల నిద్రపోతోంది. నేను ఒళ్లో పాటల పుస్తకం పెట్టుకుని ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను.

పక్కన కూర్చున్నామె నా ఒడి వైపు చూసి, బిడ్డను ఇంట్లో వదిలి వచ్చావా అని అడిగింది. లేదని చెప్పి గడ్డంతో ఎడమ వైపు చూపించాను. ఆమె వంగి చూసి, ముచ్చటపడి, తన పక్కామెను కూడా పిలిచి చూపించింది. నేను పుస్తకం తెరిచి, నోటికొచ్చిన పాటనే కాగితం మీద వెతికాను.

బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. ఎనిమిదో నెల మొదట్లో నాకు బీపీ పెరిగింది. అప్పుడు నేను వికారాబాద్‌లో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. అక్కడే ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కిలోన్నర కూడా లేదు. భుజాల మీద నూగు, చెవుల్లో గట్టిదనం లేదు. బోర్లా పడుకోబెడితే చెవి కాగితంలా మడతపడి, మనం సరిచేసే దాకా అలాగే ఉండేది. ఇవన్నీ నేను తర్వాత చూసినవి. మొదటి రోజుల్లో నాకు కుట్లు చీము పట్టి, జ్వరం వచ్చి, నన్ను వేరే వార్డులో ఉంచారు. పిల్లల వార్డులోని సిస్టరమ్మ మా ఆయనను పిలిచి, తల్లి రాలేకపోతే తండ్రి రొమ్ము అయినా ఫరవాలేదు, అంగి విప్పి కూర్చోమని చెప్పిందట. బిడ్డకు టోపీ, మేజోళ్లు తొడిగి, కప్పపిల్లలా కాళ్లు ముడిచి, ఆయన రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టేశారు. ఒంటి వేడి ఒంటికి తగిలితే ఊపిరి కుదురుగా ఆడుతుందని, బరువు పెరుగుతుందని చెప్పారు.

నన్ను చక్రాల కుర్చీలో తోసుకుపోయి అద్దం బయట నిలబెట్టిన రోజు నేను మొదట చూసింది బిడ్డను కాదు, ఆ గుడ్డను. అది నా చీర. పుట్టబోయే బిడ్డకు మెత్తగా ఉండాలని నేనే ఎన్నోసార్లు ఉతికి, చింపి, మడిచి పెట్టుకున్న పాత నూలు చీర. ఆ చీర ముడిలో నా బిడ్డ, ఆ బిడ్డ కింద ఆయన గుండె. నేను అద్దానికి ఇవతల. స్తోత్రం అన్నాను. నిజంగానే అన్నాను, బిడ్డ ఊపిరి తీస్తోంది కదా. కాని నోరు స్తోత్రం అంటుంటే కళ్లు ఆ ముడి దగ్గరే ఆగిపోయాయి.

జ్వరం తగ్గాక బిడ్డను నాకూ ఇచ్చారు. నా రొమ్ముకు ఆనించగానే అది తల అటూ ఇటూ తిప్పి, ముఖం ఎర్రగా చేసుకుని ఏడ్చింది. ఏడుపు అంటే గట్టి ఏడుపు కాదు, ఎక్కడో గోడ వెనక పిల్లికూన అన్నట్టు. అంత చిన్న ఏడుపుకే అలసిపోయి నీలంగా మారేది. ఏడిస్తే బరువు తగ్గుతుందని డాక్టరు అన్నారు. అందుకని తీసి మళ్లీ ఆయనకు కట్టేవాళ్లు. కట్టిన మరుక్షణం నిద్ర. నేను ఏమనగలను? నా దగ్గర ఏడ్చిన ప్రతిసారీ దాని ఒంటి మీద నుంచి కొంచెం మాంసం పోతున్నట్టే లెక్క. నా హక్కు అడిగితే బిడ్డ బరువుకు నష్టం.

ఆసుపత్రి నుంచి మా అమ్మ ఇంటికే వచ్చాం. మొదటి కాన్పు తల్లిగారింట్లో, మూడు నెలలు దాటాకే అత్తగారింటికి, అది మా వైపు అందరూ చేసేదే. మా నాన్న బతికున్నన్నాళ్లూ ఊళ్లు తిరిగి వాక్యం చెప్పినవాడు. ఆ ఇంట్లో నేను అక్షరాలకంటే ముందు వచనాలు నేర్చుకున్నాను. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. ముందొక గది, వెనక వంటిల్లు, అంతే ఇల్లు. ఆ ముందు గదిలో మా ఆయన అంగి విప్పి, బిడ్డను కట్టుకుని, పొద్దస్తమానం కుర్చీలో కూర్చునేవాడు.

అల్లుడి ఎదుట అత్త నిలబడి మాట్లాడటమే మా అమ్మకు అలవాటు లేదు. పెళ్లయిన నాటి నుంచి ఆయన వస్తే కొంగు నెత్తి మీదికి లాక్కుని తలుపు చాటునుంచి మాట్లాడేది. ఆయన కూడా ఆమె ముందు మంచం మీద కూర్చునేవాడు కాదు. అట్లాంటి అల్లుడు ఇప్పుడు ఒంటి మీద అంగి లేకుండా నట్టింట్లో కూర్చున్నాడు, లేవడానికి లేదు. అమ్మ టీ తెచ్చి గడప మీద పెట్టి దగ్గేది. ఆ దగ్గు వినిపిస్తే నేను కుట్లు పట్టుకుని లేచి వెళ్లి తెచ్చేదాన్ని. వాకిలి ఊడవాలంటే ముందు గది దాటాలి. దాటలేక, చీపురు పట్టుకుని వెనక తలుపు నుంచి పోయి, గల్లీ అంతా చుట్టి వాకిట్లోకి వచ్చేది. సొంత వాకిలి ఊడవడానికి ఊరు తిరిగి వస్తున్న మనిషిని చూసి గల్లీలో వాళ్లు నవ్వేవాళ్లు.

కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు నాకు తల దువ్వుతూ గొంతు తగ్గించి అంది.

"బిడ్డా, అల్లుడు అంగి లేకుండ నట్టింట్ల కూసుంటే నేనెటు పోవాలె? చీపురు పట్టుకొని గల్లీ తిరుగుతుంటే, ఊరంత ఊడుస్తున్నవా అని అడుగుతున్నరు."

"అయితే బిడ్డను నాకియ్యమను. నేనే కట్టుకుంట."

"నీ దగ్గర ఉంటలేదు గద, బిడ్డా."

అమ్మ మామూలుగానే అంది. దువ్వెన కూడా ఆగలేదు. ఆ మాట నాకు కుట్ల కంటే లోతుగా తగిలింది.

గోడ అవతల ఆయన అంతా విన్నాడు. మరునాడు అంగి తొడుక్కుని, గుండీలు విప్పి, దాని లోపల బిడ్డను పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని చూశాడు. అట్లా కూడా అమ్మ ముందు గదిలోకి రాలేదు. చివరికి ఆయనే తలుపు చాటున నిలబడి, "అత్తమ్మా, ఏమనుకోకుండ్రి. మేం తాండూరు పోతం" అన్నాడు. అమ్మ వద్దనలేదు.

అట్లా నేను బాలింతరాలిగా ఉండగానే తల్లిగారిల్లు వదిలాను. అమ్మ చేతి వేడినీళ్లు, అమ్మ నూరిన తెల్లగడ్డ కారం, మంచం మీదికి వచ్చే అన్నం, ఆడదానికి జన్మకు ఒకసారి దొరికేవి, అన్నీ వదిలి వచ్చాను. బిడ్డకు నా రొమ్ము కంటే ఆయన రొమ్ము నచ్చింది కాబట్టి వదిలి వచ్చాను. ఆటోలో సామాను సర్దుతుంటే ఆయన నన్ను జాగ్రత్తగా ఎక్కించాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

తాండూరులో మా అత్తమ్మకు ఇది పండుగ. ఇంటి నేలంతా నాపరాయి, వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. ఆమె గోనె సంచులు, వాటి మీద దుప్పట్లు పరిచి, కిటికీలకు పాత చీరలు కట్టి, కొడుకును మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టింది. చూడవచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే మాట. "నా కోడలు కన్నది, నా కొడుకు బాలింతయిండు." నాకు పెట్టిన కారం ముద్దల్లో ఒకటి తీసి ఆయన పళ్లెంలో వేసేది. "తిను. పాలు పడతయి." ఆయన తినేవాడు, అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వకూడదు, మాట బాగానే ఉంది. కాని పాలు పడుతున్నది నాకు.

బిడ్డకు అప్పటికి చప్పరించడం రాదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం, మూడూ ఒకదాని వెంట ఒకటి చేసే తెలివి నెలలు నిండితేనే వస్తుందట. అందుకని నేను లోపలి గదిలో తలుపు వేసుకుని పాలు పిండి గిన్నెలో పట్టి ఇచ్చేదాన్ని. ఆయన ఉగ్గుగిన్నె ముక్కును బిడ్డ పెదవి మూలకు ఆనించి చుక్కచుక్కగా తాగించేవాడు. ఓపిక ఉన్న మనిషి. ఒక్క చుక్క కింద పోనిచ్చేవాడు కాదు. బిడ్డ కళ్లు తెరిస్తే కనబడేది ఆయన ముఖం. కడుపు నిండినప్పుడు దాని పిడికిలిలో ఉండేది ఆయన రొమ్ము మీది వెంట్రుకలు. పెళ్లిలో వంట చేసినవాళ్లు పొగలో ఉంటారు, వడ్డించినవాళ్ల ముఖాలే అందరికీ గుర్తుంటాయి. మా ఇంట్లో అదే జరుగుతోందని నాకు అనిపించేది.

ఒకరోజు మా మరిది ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టాడు. ఆయన కళ్లు మూసుకుని, బిడ్డ తల మీద గడ్డం ఆనించి ఉన్నాడు. సాయంత్రం దాకా ఆమేన్‌లు, జోడించిన చేతుల బొమ్మలు. ఇటువంటి భర్తను ఇచ్చినందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకోమని నాకు విడిగా మెసేజులు వచ్చాయి. చెప్పుకున్నాను. ఫోటోను వేలితో పెద్దది చేసి చూశాను. వెనక గోడకు నేను ఉతికి ఆరేసిన బిడ్డ గుడ్డలు ఉన్నాయి. నేను అంత మేరకు ఆ ఫోటోలో ఉన్నాను.

బరువు చూపించడానికి, కళ్ల పరీక్షకు మళ్లీ వికారాబాద్ పోవలసి వచ్చింది. రైల్లో పోయాం. ఆయన బిడ్డను అంగి లోపల పెట్టుకుని పైన శాలువా కప్పుకున్నాడు. నా చేతుల్లో ఫ్లాస్కు, గుడ్డల సంచి. ఎదురుగా కూర్చున్న పెద్దామె చాలాసేపు ఆయనను చూసి, జాలిగా అడిగింది.

"పాపం, తల్లి లేదా పిల్లకు?"

"లేకేం, గామెనే" అని ఆయన నా వైపు చూపించాడు.

ఆమె నన్ను, నా సంచిని, ఫ్లాస్కును చూసింది. "మరి గట్ల కూసున్నవేందమ్మా? పట్టుకోరాదు?"

ఆయన ఏదో చెప్పబోయాడు. నేను కిటికీ వైపు తిరిగాను. బయట కందిచేలు పోతూ ఉన్నాయి. వికారాబాద్ వచ్చేదాకా నేను తల తిప్పలేదు.

ఆసుపత్రిలో బిడ్డ బరువు పెరిగిందని, కళ్లు బాగున్నాయని అన్నారు. ఆ మాట వినగానే పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయాను. సంతోషం అంటే అదే. ఆ సంతోషంలోనే సిస్టరమ్మను పక్కకు పిలిచి, నా దగ్గరే ఎందుకు ఏడుస్తుంది అని అడిగాను. ఆమె సూది మందు సర్దుతూనే చెప్పింది.

"నీ దగ్గర పాల వాసన వస్తది, అక్కా. దానికి ఆకలి యాదికొస్తది. తాగనీకి ఇంక చాతకాదు, అందుకే ఏడుస్తది. ఆయన దగ్గర ఆ ఫికర్ లేదు, పండుకుంటది. నువ్వు దగ్గర పెడుతుండు, ఒకరోజు పట్టుకుంటది."

నేను ఆ మాట నమ్మలేదు. బాలింతను ఏడిపించకుండా పంపించడానికి ఇట్లాంటి మాటలు పది మందికి చెబుతూ ఉంటుంది అనుకున్నాను. అయినా రోజూ దగ్గర పెట్టాను. రోజూ ఏడ్చింది. అది నా రొమ్ము పట్టుకోవాలి, ఎవరి కడుపున పుట్టిందో దానికి తెలియాలి. అప్పటికి నా ప్రార్థన అంతా ఆ ఒక్క దాని చుట్టే తిరిగేది. లోకంలో ఇంకే అవసరమూ లేనట్టు.

డాక్టరు గుంపులోకి పోవచ్చన్నాక, ఎవరి చేతికీ ఇవ్వకుండా, గుమ్మం దగ్గర గాలి తగిలే చోట కూర్చునే షరతు మీద, నేను మొదట చెప్పిన ఆ ఆదివారం మందిరానికి పోయాం. ఆ రోజు పాస్టరుగారు తండ్రి రొమ్మున ఆనుకుని ఉండే కుమారుని గురించి చెప్పారు. చెబుతూ చెబుతూ గుమ్మం వైపు చెయ్యి చాపి, అదిగో చూడండి అన్నారు. మందిరమంతా తలలు అటు తిరిగాయి. మా ఆయన సిగ్గుపడి తల దించుకున్నాడు. అది ఇంకా బాగుంది అందరికీ.

నేను చిన్నప్పటి నుంచి వాక్యం నేర్చుకున్న మనిషిని. సండే స్కూలు చెప్పిన మనిషిని. ఆ ప్రసంగం సాగినంతసేపూ, దేవుడు తనను తల్లితో పోల్చుకున్న చోట్లన్నీ మనసులో ఏరుకుంటూ కూర్చున్నాను. చంటిబిడ్డను మరవలేని తల్లి ఉంది. పాలు మానిన పిల్ల నెమ్మదిగా ఆనుకుని ఉండే తల్లి ఒడి ఉంది. పిల్లలను రెక్కల కింద చేర్చుకోవాలని ఆశపడిన కోడి ఉంది. పాస్టరుగారికి ఇవేవీ తెలియనివి కావు. ఆ పొద్దు ఆయనకు గుమ్మం దగ్గర తండ్రి కనబడ్డాడు, తండ్రి గురించి చెప్పారు. నేను కుడి వైపు మూడో వరుసలో ఉన్నాను. పాలతో నా జాకెట్టు తడిసి, కొంగు కప్పుకుని ఉన్నాను.

కూడిక అయ్యాక పాస్టరమ్మ నా ముఖం చూసి వంటగది పక్కకు తీసుకుపోయింది. ఏడుపు వచ్చి అంతా చెప్పాను. ఆమె నా భుజం నిమిరి, మత్సరం మనిషిని ఎముకల నుంచి తినేస్తుందని తెలిసిందే కదా, మోకరించి వదిలేసుకో అంది. నేను ఊరుకోలేదు. దేవుడే తన గురించి తాను రోషం గలవాడినని చెప్పుకున్నాడు కదమ్మా, తనవాళ్లు ఇంకొకరి వెంట పోతే ఓర్చుకోడు కదా, అది ఆయనకు తప్పు కానప్పుడు నాకెందుకు తప్పు అన్నాను.

ఆమె నవ్వేసింది. "ఆయన దేవుడు. నువ్వు బాలింతవు. పో, ఇంటికి పోయి జర పండుకో."

జవాబు బాగుంది. నాకు మాత్రం చాల్లేదు. ఇప్పటికీ చాల్లేదు.

ఆ వారంలోనే మా ఆయన మళ్లీ పనికి పోవడం మొదలైంది. ఆయనది బండల పాలిష్ పని. ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉంటాయి. ఆ దుమ్ము బిడ్డ ముక్కుకు తగలకూడదని, వాకిట్లోనే బట్టలు విప్పి, ఎర్ర సబ్బుతో రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన అంగి తొడుక్కుని అప్పుడు చేతులు చాపేవాడు. బిడ్డ ఆ సబ్బు వాసనలోకి పోయి ముడుచుకునేది. పగలంతా నా దగ్గర, అత్తమ్మ దగ్గర, వంతులు వేసుకుని పేచీ. ఆయన రాగానే నిమ్మళం. పగలంతా మోసినవాళ్లకు కూలి లేదు, సాయంత్రం వచ్చినవాడికి నిండు కూలి అన్నట్టు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ పక్కింటి ఖాలా దగ్గరికి కందులు చెరగడానికి పోయింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి ఓపిక లేక మూలుగుతోంది. కొయ్యకు ఆయన అంగి వేలాడుతోంది. ముందటి సాయంత్రం బిడ్డను పెట్టుకున్న అంగి, నేను ఉతకాల్సినది. దాన్ని చూస్తుంటే సండే స్కూల్లో నేను చెప్పే కథ గుర్తొచ్చింది. చూపు మందగించిన తండ్రి, ఒళ్లంతా వెంట్రుకలున్న అన్న, ఆ అన్న బట్టలు తొడుక్కుని, చేతులకు మేకపిల్ల తోలు చుట్టుకుని పోయి, అన్నకు రావలసిన దీవెన పట్టుకొచ్చిన తమ్ముడు. ఆ కథ చెప్పేటప్పుడు నా చేతికి తువ్వాలు చుట్టుకుని పిల్లలను తడమమనేదాన్ని, వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. చివర, అట్లా చేయడం తప్పే పిల్లలూ అని చెప్పి ముగించేదాన్ని. ఆ వేషం వేయించింది తల్లే అన్న సంగతి ఆ మధ్యాహ్నమే నాకు పట్టింది.

బిడ్డను పరుపు మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, వెనక పోయి ఎర్ర సబ్బుతో ఒళ్లు రుద్దుకున్నాను. నా పౌడరు రాసుకోలేదు. లంగా మీద ఆయన అంగి తొడుక్కున్నాను. ఆయన కూర్చున్నట్టే కుర్చీలో వెనక్కి వాలి, గుండీలు విప్పి, బిడ్డను లోపల పెట్టుకుని ఆయన కట్టే ముడే కట్టాను. కథలో ఆ తండ్రికి గొంతు దగ్గరే అనుమానం వస్తుంది. అందుకని మాట్లాడలేదు. మందిరంలో పాట ఎత్తుకునేది నేను, మా ఆయనకు శ్రుతి రాదు. బిడ్డను పెట్టుకుని ఆయన ఎప్పుడూ ఒకే పాట, రెండో చరణం దగ్గర దారి తప్పి, ముక్కుతో అంటూ ఉంటాడు. నేను కూడా అట్లాగే, రెండో చరణం దగ్గర కావాలని దారి తప్పి, ముక్కుతో అన్నాను.

మూలుగు ఆగింది. బిడ్డ వీపు మెత్తబడింది. ఒకసారి నిట్టూర్చింది, పెద్దమనిషిలా.

ఎన్నాళ్లుగానో అడిగినది దొరికింది. అయినా నా గుండె మండింది. ఇది పడుకున్నది నా మీద కాదు, ఆయన మీద. నేను గుడ్డ కింద ఉన్న కొయ్యను. సబ్బు గెలిచింది, అంగి గెలిచింది, శ్రుతి లేని ఆ పాట గెలిచింది. ఈ వేషంలో నేను ఎన్నాళ్లు తిరగాలి అనుకుంటుంటే కళ్లు నిండాయి. కళ్లతో పాటు పాలు కూడా వచ్చాయి. అంగి ముందు భాగం తడిసింది. తడి ఆయన జేబు దాకా పాకింది. లేచి తుడుచుకుందామంటే బిడ్డ లేస్తుంది. అట్లాగే ఉన్నాను.

బిడ్డ ముక్కు కదిలింది. ఇక ఏడుపే అనుకున్నాను. ఏడవలేదు. తల ఎత్తి, దించి, నా రొమ్ము మీద గడ్డంతో పొడుస్తూ, నూలు గుడ్డ ముడి సందులోంచి కొంచెం కొంచెంగా కిందికి జరిగింది. నేను ముడి వదులు చేశాను. నోరు తెరిచి అంగి గుండీని పట్టుకుంది, వదిలేసింది. మళ్లీ వెతికింది. పట్టుకుంది, జారిపోయింది. ఇంకోసారి పట్టుకుంది. ఒకసారి లాగి, ఆగి, తనకేం దొరికిందో ఆలోచించుకుంటున్నట్టు ఉండి, మళ్లీ లాగింది. మింగిన చప్పుడు వినబడింది. అంత చిన్న గొంతులో అంత చప్పుడా అనిపించింది. నాకు కత్తితో కోసినట్టు నొప్పి. కదల్లేదు. స్తోత్రమని కూడా అనలేదు, నా గొంతు విని మనసు మార్చుకుంటుందేమోనని భయం. ఆ కథలో ఒకసారి నోట వచ్చిన దీవెనను వెనక్కి తీసుకోవడానికి లేదు. నాకు ఆ సంగతి మాత్రమే గుర్తుంది.

తలుపు తోసుకుని అత్తమ్మ వచ్చింది. చేటలో కందులు ఉన్నాయి.

"ఓ పిల్లా, నా కొడుకు అంగి నీ ఒంటి మీదెందుకున్నది?"

వేలు నోటి మీద పెట్టుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చి వంగి చూసింది. చేటను చప్పుడు కాకుండా కింద పెట్టి, గడప మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. బిడ్డ వదిలేదాకా అక్కడి నుంచి లేవలేదు.

సాయంత్రం ఆయన వచ్చి, స్నానం చేసి, రోజూ లాగే చేతులు చాపాడు. తాగి పడుకుందని చెప్పాను. ఎవరు తాగించారని అడిగాడు. ఉగ్గుగిన్నె ఆ పొద్దు కడిగినది కడిగినట్టే బోర్లించి ఉంది, ఆయన దాని వైపు చూశాడు.

"తల్లే తాగిచ్చింది" అంది అత్తమ్మ. "నీ అంగి ఏసుకొని, నీ సబ్బు పెట్టుకొని, మొత్తం నీ లెక్క తయారై. ఇగ నీ బాలింతతనం అయిపోయింది, పో."

ఆయన నవ్వాడు. దేవునికి స్తోత్రం అన్నాడు, నా తల మీద చెయ్యి పెట్టాడు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి అనే మనిషి కాదు. కాని తర్వాత ఆ చేతులను ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. తువ్వాలు తీసి, ఆరిన తలనే మళ్లీ తుడుచుకున్నాడు. బిడ్డ లేవగానే ఎత్తుకుని రొమ్ముకు ఆనించుకున్నాడు. అది పడుకోలేదు. తల తిప్పుతూ, నోరు తెరుస్తూ, ఆయన రొమ్మంతా వెతికి, వెంట్రుకలు నోట్లోకి పోయి ముఖం చిట్లించి ఏడ్చింది.

"గిదేం దేవులాడుతుంది?" అన్నాడు.

నేను చేతులు చాపాను. ఇచ్చాడు. నా దగ్గరికి రాగానే ఊరుకుంది. అప్పుడు ఆయన ముఖం చూశాను. ఆసుపత్రి అద్దంలో నాకు కనబడ్డ నా ముఖమే అది. జాలి పడాల్సింది. నాకు జాలి రాలేదు. బిడ్డ మింగుతున్న చప్పుడు ఆయనకు వినబడాలని ఒళ్లో సర్దుకున్నాను.

ఆయన లేచి పోయి, కొయ్యకు నేను తగిలించిన ఆ అంగిని తీశాడు. పాలు ఎండి ముందు భాగం గట్టిపడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తొడుక్కున్న అంగి విప్పి, ఆ పాల మరక అంగిని తొడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. కడుపు నిండిన బిడ్డను తీసి ఆయనకు ఇచ్చాను, ఇవ్వక తప్పదు. అది ఆ మరక దగ్గర ముక్కు పెట్టి, ఒక్కసారి చప్పరించి, కళ్లు మూసుకుంది.

"గిది ఉతకకు" అన్నాడు మెల్లగా. "రేపు సుత గిదే ఏసుకుంట."

నేను చేసిన వేషమే. ఆయన రొమ్ము, నా వాసన. సరే అన్నాను.

మరునాడు ఆయన స్కూటరు గల్లీ మలుపు తిరగగానే అంగిని బకెట్లో వేసి, సబ్బు పొడి చల్లి, బండ మీద వేసి ఉతికాను. నాకు కుట్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి, బట్టలు ఉతకవద్దని చెప్పారు. అత్తమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చి పక్కన నిలబడింది.

"ఒద్దన్నడు గదనే."

"మరక పడ్డది, అత్తమ్మా. ఉంచితే పోదు."

ఆమె నా ముఖం చూసి, బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. నేను అంగిని ఇంకోసారి జాడించి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పాల వాసన ఇంకా కొంచెం ఉంది. మళ్లీ సబ్బు పెట్టాను.